ఆ పంపును నాన్న ఊపిరికి కలపకు

ప్రశ్న: నేను డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లె. నాన్న లారీ డ్రైవరు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతారు. నాలుగు నెలలుగా రాత్రిళ్లు విపరీతమైన దగ్గు. మానమంటే "ఈ వయసులో నా వల్ల కాదురా" అంటారు. ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో పొగ ఉండదని, విదేశాల్లో డాక్టర్లే ఇస్తున్నారని చదివాను. ఇక్కడ దుకాణాల్లో దొరకదు కాబట్టి నేనే తయారుచేస్తున్నాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన 18650 రకం లిథియం సెల్, 0.4 ఓముల నిక్రోమ్ తీగ చుట్ట, దూది, వీటిని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు సిద్ధంగా ఉన్నాయి. ద్రవం దానంతట అదే అందేలా గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని తోసే చిన్న పెరిస్టాల్టిక్ పంపు పెట్టాను. నిమిషానికి 40 మి.లీ. అని దాని మీద ఉంది. ద్రవం కోసం 50 గ్రాముల పొగాకును గ్లిజరిన్‌లో నానబెట్టి సీసాలో ఉంచాను. వేడిచేసి చూస్తే ఒకసారి దూది తడిసి కారిపోతోంది, ఇంకోసారి మాడిపోతోంది. నాన్నకు ఇంకా ఇవ్వలేదు. పంపును ఎంతసేపు నడపాలి? వేరే పంపు వాడాలా?

సమాధానం:

బాబూ,

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. నీ ఈడు పిల్లలతో మాట్లాడిన అలవాటు కొద్దీ నిన్నూ నువ్వనే పిలుస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పంపు గురించి చెప్పవలసింది చాలా ఉంది. కానీ అన్నిటికంటే ముందు ఆ సీసా సంగతి చూడాలి.

సీసా ఎక్కడ పెట్టావో రాయలేదు. వంటింట్లోనో, ఫ్రిజ్‌లోనో, నీ పుస్తకాల అలమరలోనో ఉంటే ఇది చదవడం ఆపి ముందు దాన్ని పిల్లల చేతికి అందని చోటికి మార్చు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకునే ముట్టుకో. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది. పొగాకు రంగు దిగితే తేనెలాగో, దగ్గుమందులాగో కనిపిస్తుంది. నాలుగు నెలలుగా దగ్గే మనిషి ఉన్న ఇంట్లో దగ్గుమందులా కనిపించే సీసా ఉండడం ఎంత ప్రమాదమో ఆలోచించు. చీకట్లో లేచి ఒక మూత తాగితే చాలు.

నువ్వు నానబెట్టిన దాని బలం ఎంతో నీకూ తెలియదు, నాకూ తెలియదు. బ్యారన్లలో కాల్చిన వర్జీనియా ఆకులో సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు నికోటిన్ ఉంటుంది. అంటే 50 గ్రాముల ఆకులో అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉండవచ్చు. నాటు రకాల్లో అంతకు మించి కూడా ఉంటుంది. అందులో ఎంత గ్లిజరిన్‌లోకి దిగిందన్నది ప్రయోగశాలలో కొలిస్తే తప్ప తేలదు. ఎలక్ట్రానిక్ సిగరెట్లను అనుమతించిన బ్రిటన్‌లో కూడా అమ్మే సీసా 10 మి.లీ. మించకూడదు, అందులో నికోటిన్ మి.లీ.కి 20 మి.గ్రా. దాటకూడదు. అంటే సీసా మొత్తం మీద 200 మి.గ్రా. నీ దగ్గరున్న ఆకులో అంతకు ఎన్నో రెట్లు ఉండి ఉండవచ్చు.

నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. మీకు దగ్గరలోనే దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు పొగాకు తోటలున్నాయి. మంచుకో వానకో తడిసిన పచ్చి ఆకును కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు, నీరసం పట్టుకోవడం పొగాకు పండే దేశాలన్నిటిలో తెలిసిన జబ్బే. ఆకు మీది నీటిలోకి దిగిన నికోటిన్ చేతుల గుండా రక్తంలో కలవడమే దానికి కారణం. మన రైతులు పురుగుల మీద కొట్టే అగ్నిఅస్త్రంలో మిరప, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు ఎందుకు వేస్తారో నీకు తెలిసే ఉంటుంది. పురుగును చంపే గుణం ఆ ఆకులో ఉంది. నువ్వు చేసింది ఆ కషాయానికి చుట్టమే. పైగా దీన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుదామనుకున్నావు.

కాబట్టి ఆ ద్రవాన్ని రంపపు పొట్టులోనో, బూడిదలోనో పూర్తిగా ఇంకిపోనిచ్చి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, "విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్త బండి వాళ్లకు చెప్పి విడిగా ఇవ్వు. కాలువలో పోయకు, పెరట్లో పారబోయకు. చేతికి అంటితే సబ్బుతో ఎక్కువ నీళ్లు పోసి కడుక్కో. ఎవరికైనా పొరపాటున నోట్లోకి వెళ్లి వాంతులు, చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే 108కి ఫోను చెయ్యి.

ఇప్పుడు నువ్వు అడిగిన పంపు సంగతి. ఎంతసేపు నడపాలో నేను చెప్పను. ఎందుకు చెప్పనో మాత్రం ఒక ఇంజినీరుకు చెప్పినట్టు చెబుతాను, ఎందుకంటే నీ సందేహం మంచి సందేహం. దూది ఒకసారి కారడం, ఒకసారి మాడడం నీ చేతి పొరపాటు కాదు. ఆ అమరికలోనే లోపం ఉంది.

లెక్క వేద్దాం. ఒక్క పీల్పుకు ఆవిరయ్యే ద్రవం చాలా కొంచెం, మి.లీ.లో నూరో వంతు అనుకో. నీ పంపు నిమిషానికి 40 మి.లీ. ఇస్తే సెకనుకు మి.లీ.లో మూడింట రెండు వంతులు. నూరో వంతు ఇవ్వాలంటే పంపు 15 మిల్లీసెకన్లు తిరగాలి. ఆ మోటారు నిద్రలేచి వేగం అందుకోవడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. పైగా పెరిస్టాల్టిక్ పంపు ద్రవాన్ని ధారగా ఇవ్వదు. రోలర్లు గొట్టాన్ని నొక్కుతూ, రెండు రోలర్ల మధ్య చిక్కిన ముద్దను ముందుకు తోస్తాయి. ఆ ఒక్క ముద్దే నీకు కావలసిన దానికి ఎన్నో రెట్లు. అందుకే రోలరు దాటినప్పుడు దూది మునిగిపోతుంది, దాటనప్పుడు ఎండిపోతుంది. కోడ్‌లో ఎన్ని మార్పులు చేసినా రోలరు ఎక్కడ ఆగిందో బోర్డుకు తెలియదు.

ఇంకొకటి. పంపు మీద రాసిన 40 మి.లీ. నీటి లెక్క. గ్లిజరిన్ 20 డిగ్రీల దగ్గర నీటికంటే సుమారు 1,400 రెట్లు చిక్కన. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఆ చిక్కదనం సగానికంటే తగ్గిపోతుంది, 40 డిగ్రీలకు అయిదో వంతుకు పడిపోతుంది. పౌష్యమాసపు తెల్లవారుజామున సరిపెట్టిన లెక్క మే నెల మధ్యాహ్నం లారీ క్యాబిన్‌లో ఎలా నిలుస్తుంది? నాన్న తిరిగేది ఆ క్యాబిన్‌లోనే కదా.

దేవుడి గదిలో ప్రమిదను ఒకసారి దగ్గరగా చూడు. వత్తికి ఎవరూ పంపు పెట్టరు. కొసన ఎంత నూనె కాలితే అంతే నూనె కిందనుంచి పైకి ఎక్కుతుంది. మంట పెరిగితే ఎక్కువ లాగుతుంది, తగ్గితే తక్కువ లాగుతుంది. తన అవసరాన్ని తానే కొలుచుకునే పద్ధతి అది. ఎలక్ట్రానిక్ సిగరెట్లు తయారుచేసే కంపెనీలన్నీ దూదినో పింగాణీ వత్తినో నమ్ముకోవడానికి కారణం ఇదే. విదేశాల్లో కొందరు మెత్తని సీసాను వేలితో నొక్కి ద్రవాన్ని పైకి పంపే పరికరాలు వాడతారు. అక్కడ కూడా వేలు వదలగానే దూది పీల్చుకోగా మిగిలింది వెనక్కి సీసాలోకి జారిపోతుంది. నీ అమరికలో వెనక్కి పోయే దారి లేదు. రోలరు గొట్టాన్ని మూసేసి కూర్చుంటుంది. వత్తికి ఉన్న తెలివిని తీసేసి ఆ బాధ్యతను ఆర్డుయినోకు అప్పగించావు. దానికి దూది తడిగా ఉందో పొడిగా ఉందో చూసే కన్ను లేదు.

తీగ నిరోధం కొలిచి వేడి కనిపెట్టవచ్చు కదా అని నీకు తోచవచ్చు. నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీలు తీగలతో అది చేస్తారు. నువ్వు వాడిన నిక్రోమ్ ఎర్రగా కాలినా దాని నిరోధం పెద్దగా మారదు. ఇస్త్రీపెట్టెలకు, హీటర్లకు దాన్ని ఎంచుకునేది ఆ గుణం చూసే. కాబట్టి దూది ఎండిన క్షణం నీ బోర్డుకు అందే సమాచారం ఏమీ ఉండదు.

ఎండితే ఏమవుతుందో మీ అమ్మగారిని అడుగు. బూరెల మూకుడు పొయ్యి మీద మరిచిపోతే నూనె కాగి కాగి కళ్లు మండించే ఘాటు వస్తుంది, ఇల్లంతా దగ్గుతారు. ఆ ఘాటు పేరు అక్రోలిన్. నూనె అణువుల్లో ఉండే గ్లిజరిన్ భాగం అతిగా వేడెక్కి విరిగినప్పుడు పుట్టేది అది. నీ చుట్ట దగ్గర ఉన్నది నేరుగా గ్లిజరిన్. అది మరగడానికే 290 డిగ్రీలు కావాలి. తడి ఉన్నంతసేపు వేడి ఆ దరిదాపుల్లో ఆగుతుంది. తడి పోగానే తీగ ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, దూది మాడుతుంది, అక్రోలిన్‌తో పాటు ఫార్మాల్డిహైడ్ కూడా పుడుతుంది. మూకుడు మాడితే మనం కిటికీలు తెరుస్తాం. ఇక్కడ ఆ ఘాటు ఒక గొట్టంలోంచి తిన్నగా నాన్న గొంతులోకి పోతుంది.

ఆకును నానబెట్టిన ద్రవంతో ఇంకో చిక్కు ఉంది. ఆకులోని చక్కెరలు, మైనం, జిగురు కూడా అందులోకి దిగుతాయి. అవి ఆవిరి కావు. తీగ మీద నల్లటి పెచ్చుగా పేరుకుపోతాయి, ప్రతి పీల్పుకూ మళ్లీ మళ్లీ మాడతాయి. గ్లిజరిన్ ఏ రకానిదో కూడా నువ్వు రాయలేదు. పారిశ్రామిక గ్లిజరిన్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉండే ప్రమాదం మన దేశానికి కొత్త కాదు. 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో అలాంటి కల్తీ గ్లిజరిన్ మందుగా తాగించడం వల్ల 14 మంది చనిపోయారు. మింగడానికే అంత జాగ్రత్త కావలసినప్పుడు, పీల్చడానికి అంగట్లో కొన్న సీసాను నమ్మలేం. కడుపుకు వాంతి ఉంది, కాలేయం ఉంది. ఊపిరితిత్తికి లోపలికి వచ్చిన జిడ్డును వడగట్టుకునే అవయవం లేదు. 2019లో అమెరికాలో విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థం కలిసిన ద్రవాలు, ముఖ్యంగా గంజాయి సారం ఉన్నవి, పీల్చినవారి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలవడమో చనిపోవడమో జరిగింది. అందులో 68 మరణాలు. ఆ పదార్థం చర్మానికి రాసుకునే క్రీముల్లో, మింగే మాత్రల్లో ఏళ్ల తరబడి వాడుతున్నదే. మింగితే హాని చేయనిది పీలిస్తే ప్రాణం తీసింది.

తీగ సంగతి కూడా తీసిపారేసేది కాదు. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు రోజూ వాడే 56 మంది దగ్గరి పరికరాలను పరీక్షిస్తే, ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం కనిపించాయి. అవి కంపెనీల్లో తయారైనవి. నువ్వు టంకం వేసిన చోట సీసం ఉంటుంది, టంకం పట్టడానికి వాడే ఫ్లక్స్ ఉంటుంది. ఆ ఫ్లక్స్ పొగ రోజూ పీల్చే కార్మికులకు ఉబ్బసం రావచ్చని మా ప్రయోగశాలలో కిటికీ పక్కన టంకం బల్లలు వేయించేవాళ్లం.

ఇక సెల్. ఓమ్ సూత్రం నీకు నేను చెప్పనక్కరలేదు. నిండుగా చార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు, నీ చుట్ట 0.4 ఓములు. పది ఆంపియర్ల పైమాటే, 44 వాట్లు. ల్యాప్‌టాప్‌లోని సెల్‌ను అంత విద్యుత్తు ఇవ్వడానికి తయారుచేయరు. చాలావాటికి నాలుగైదు ఆంపియర్లే హద్దు. పాతబడిన సెల్‌కు అది కూడా ఎక్కువే. ప్యాక్‌లో ఉన్నప్పుడు కాపలా కాసే సర్క్యూట్‌ను నువ్వు విప్పినప్పుడే వదిలేశావు. చుట్టను నడిపే మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ చెడిపోయినప్పుడు ఎక్కువగా షార్ట్ అయి చెడిపోతుంది. అంటే బోర్డు ఆపమన్నా చుట్ట కాలుతూనే ఉంటుంది.

ఒకసారి నా ఎదుటే ఒక కుర్రవాడు అలాంటి పాత సెల్‌కు చేతిలోని పట్టకారు తగిలించాడు. ముందు చిన్న ఈల వినబడింది. తియ్యటి, గొంతు పట్టే వాసన వచ్చింది. నేను "వదిలెయ్" అనేలోపే సెల్ కొసనుంచి మూర పొడుగు మంట చిమ్మింది. వాడు విసిరేయగానే అది నేల మీద బొంగరంలా తిరిగింది. ఇసుక బకెట్టు కుమ్మరించి ఆపాం. వాడి బొటనవేలి మీద తోలు లేచిపోయింది. సిమెంటు నేల మీద ఆ నల్లటి గుండ్రటి మచ్చ నేను ఉద్యోగ విరమణ చేసే నాటికీ పోలేదు. ఆ రోజు సెల్ చేతిలో ఉంది. నీ పరికరం పెదవుల మధ్య ఉంటుంది. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 దాకా ఎలక్ట్రానిక్ సిగరెట్లు పేలడం, అంటుకోవడం 195 సంఘటనలు లెక్కించింది. గొట్టంలో బిగించిన సెల్ పగిలితే వాయువు గొట్టం కొసల గుండానే దూసుకువస్తుంది. ఒక కొస మనిషి వైపే ఉంటుంది. 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో ఇలా మనుషులు చనిపోయారు.

చట్టం గురించి కూడా తెలుసుకో. మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లు దొరకకపోవడానికి కారణం 2019లో వచ్చిన నిషేధ చట్టం. అది అమ్మకాన్నే కాదు, తయారీని కూడా నిషేధించింది. విడిభాగాలు కూర్చడం కూడా ఆ చట్టం ప్రకారం తయారీయే. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే. మొదటిసారి అయితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. చివరి సంవత్సరంలో ఉన్నావు, రేపు ఉద్యోగానికి వెళ్లేవాడివి. నాన్న కోసం చేశానన్న మాట రికార్డులో ఉండదు.

విదేశాల్లో డాక్టర్లు ఇస్తున్నారన్నావు. అది అబద్ధం కాదు. బ్రిటన్‌లో పొగ మానడానికి వీటిని ప్రభుత్వ వైద్యులే సూచిస్తారు. 2019లో అక్కడ జరిగిన ఒక పెద్ద పరిశీలనలో ఏడాది తర్వాత పొగకు దూరంగా ఉన్నవారు ఎలక్ట్రానిక్ సిగరెట్లు వాడినవారిలో నూటికి 18 మంది, నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీల వంటివి వాడినవారిలో నూటికి 10 మంది. నీకు ఇది దాచను. కానీ ఆ 18 మంది పీల్చింది కొలత తెలిసిన ద్రవం. రిజిస్టరు చేయించి, పరీక్షించి, సీసా మీద లెక్క రాసి అమ్మినది. నీ సీసా అది కాదు, నీ చుట్ట అది కాదు. ఆ ఫలితాన్ని చూపించి ఈ పరికరాన్ని సమర్థించుకోవడం కుదరదు.

నేటి రూపంలో ఈ పరికరాన్ని 2003 ప్రాంతంలో తెచ్చినవాడు చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు. తానూ విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. అతని తండ్రి కూడా పొగ తాగేవారే, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆయనే గుర్తుకొచ్చాడు. తండ్రి దగ్గు వింటూ పడుకున్న కొడుకు ఏదో ఒకటి చేయాలని లేవడం ఎంత సహజమో నాకు తెలుసు. మా నాన్న పొగాకు చుట్టలు తాగేవారు. అర్ధరాత్రి ఆయన దగ్గు మొదలైతే మేం నలుగురం చాపల మీద కళ్లు తెరుచుకుని, అది ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసేవాళ్లం. అప్పట్లో మాకు చేతనైంది లేదు. నీకు చేతనైంది ఉంది. దాని గురించి చెబుతాను.

మొదటిది దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. నాలుగు నెలలైందంటున్నావు. బీడీ దగ్గేలే అని ఇన్నాళ్లూ ఊరుకున్నారేమో, అది క్షయ కావచ్చు, ఊపిరి గొట్టాల జబ్బు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. క్షయ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మందులూ ఉచితం. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. నాన్న ఈసారి ట్రిప్పు నుంచి రాగానే, మళ్లీ బండి ఎక్కకముందే తీసుకెళ్లు. బీడీ మానే సంగతి ఎత్తకుండా "దగ్గు చూపించుకుందాం" అని మాత్రమే అను. దానికి ఆయన కాదనకపోవచ్చు.

రెండోది మానడం. నా వల్ల కాదురా అన్నారంటే ఆయన ఇదివరకు ప్రయత్నించి ఓడిపోయి ఉంటారు. ఆ మాటలో మొండితనం కంటే అలసట ఎక్కువ వినిపించింది నాకు. మా తమ్ముడు ఇరవై రెండేళ్లు సిగరెట్లు తాగాడు, రెండుసార్లు మాని మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి డాక్టరు రాసిచ్చిన నికోటిన్ గమ్‌తో మానాడు. మానేసి పదకొండేళ్లయింది. నువ్వు నాన్నకు ఏ నికోటిన్‌ను పొగ లేకుండా అందించాలనుకున్నావో అదే నికోటిన్, మి.గ్రా. లెక్కన కొలిచి, ఆ గమ్‌లో ఉంటుంది. 2 మి.గ్రా., 4 మి.గ్రా. రకాలు దొరుకుతాయి. నిద్రలేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించేవారికి సాధారణంగా 4 మి.గ్రా.ది సూచిస్తారు. నాన్నకు రక్తపోటు, గుండె జబ్బు ఉన్నాయేమో చూసి డాక్టరే నిర్ణయించాలి.

దాన్ని నమలడంలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకే చాలామంది రెండు రోజుల్లో విసిరేస్తారు. మా తమ్ముడూ మొదటి రోజు మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేశాడు. వెక్కిళ్లు పట్టుకున్నాయి, కడుపులో తిప్పింది. నెమ్మదిగా పది, పదిహేనుసార్లు నమలాలి. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుకు మొదలవుతుంది. వెంటనే నమలడం ఆపి, గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టుకోవాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటి లోపలి చర్మం గుండానే ఎక్కాలి, ఉమ్మితో మింగితే వృథా. గమ్ పెట్టుకునే ముందు పావుగంట టీ, కాఫీ తాగకూడదు. ఆ పులుపు గుణం నోట్లో నికోటిన్‌ను ఎక్కనివ్వదు. లారీ డ్రైవరుకు టీ మానడం బీడీ మానడమంత కష్టం కాబట్టి, టీ తాగి నోరు పుక్కిలించి, పావుగంట ఆగి గమ్ పెట్టుకోమను. గమ్ వాడుతూ బీడీ కూడా కాల్చకూడదు. దాదాపు 12 వారాల్లో మోతాదు మెల్లగా తగ్గించి ఆపేస్తారు. గమ్ పనిచేయనివారికి డాక్టర్లు రాసే మాత్రలూ ఉన్నాయి.

మూడోది మాట సాయం. పొగాకు మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను నంబరు 1800-11-2356. వాళ్లు మానే తేదీ పెట్టించి, ఆ తర్వాత వాళ్లే మళ్లీ ఫోను చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. దారిలో ఉండే మనిషికి ఆసుపత్రి గుమ్మం కంటే ఇది సులువు. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి గట్టిగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. అందుకే మానే తేదీని ఆయన ఇంట్లో ఉండే రోజుల్లో పెట్టుకోమను, దూరపు ట్రిప్పు ముందు రోజు వద్దు. క్యాబిన్‌లోంచి అగ్గిపెట్టె, బీడీ కట్టలు, బూడిద డబ్బా నువ్వే తీసేసి తుడిచిపెట్టు. డాష్‌బోర్డు మీద ఖాళీగా కనిపించే చోట వేయించిన సెనగలో, యాలకులో ఉంచు. వేళ్లకూ పెదవులకూ ఉన్న అలవాటు కూడా మొండిదే. దానికి పని ఇవ్వాలి. ఒకవేళ మధ్యలో ఒక బీడీ వెలిగించినా "చూశావా, నీ వల్ల కాదు" అని మాత్రం అనకు. మా తమ్ముడు మూడోసారి గెలిచాడని చెప్పాను కదా.

ఇక మిగిలింది నీ పంపు. దాన్ని మూలన పడేయకు, చివరి ఏడాది ప్రాజెక్టుకు అంతకంటే మంచి వస్తువు లేదు. పొగాకు ద్రవం తగిలిన గొట్టాన్ని మాత్రం పారేసి కొత్త సిలికాన్ గొట్టం వేయి. ముందు దాని నిజమైన లెక్క పట్టు. నీళ్ల గ్లాసును గ్రాములో పదో వంతు చూపించే తూకం మీద పెట్టి, పంపును సరిగ్గా పది నిమిషాలు నడిపి, పెరిగిన బరువు రాసుకో. నీటికి ఒక గ్రాము అంటే ఒక మి.లీ. అయిదు వేర్వేరు వేగాల్లో, ప్రతిదీ మూడుసార్లు చెయ్యి. ఆ తర్వాత పంపును ఒక్కొక్క సెకను మాత్రమే నడిపి యాభైసార్లు తూచు. రోలరు ఆగే చోటును బట్టి ప్రతిసారీ బరువు ఎలా మారుతుందో కళ్లారా చూస్తావు. నీ దూది ఎందుకు ఒకసారి మునిగి ఒకసారి మాడిందో ఆ పట్టికే చెబుతుంది. మామూలు మోటారు తీసేసి, లెక్కపెట్టిన అడుగుల చొప్పున తిరిగే స్టెప్పర్ మోటారు పెడితే ఆ తేడా ఎంత తగ్గుతుందో కూడా కొలువు. గొట్టం వారం రోజులు నలిగాక మళ్లీ తూచు, లెక్క పడిపోతుంది. ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులు తయారుచేసేవాళ్లు పోరాడేది ఈ సమస్యతోనే.

ఆ కొలత చేతికొచ్చాక దాన్ని మీ ఇంటి మిద్దె తోటకు పెట్టు. తొట్టెల్లో మట్టి తడి చూసే సెన్సారు బోర్డుకు తగిలించు. దూది దగ్గర నీకు లేని కన్ను ఇక్కడ ఉంటుంది. జీవామృతం వడగట్టి తొట్టెకు ఇన్ని మి.లీ. చొప్పున ఇవ్వు. కారితే మొక్క ఏమీ అనదు, ఆగితే సాయంత్రం దాకా ఓర్చుకుంటుంది. ఆ పాత ల్యాప్‌టాప్ సెల్ దీనికి కూడా వద్దు. 12 వోల్టుల అడాప్టరు చాలు. సెల్ రెండు కొసలకూ టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చెయ్యి.

తూకం పట్టిక తయారయ్యాక నాకు పంపు. యాభై కొలతలూ ఉండాలి, బాగా వచ్చినవి మాత్రమే ఏరి పంపకు. నాన్న తెమడ పరీక్షలో ఏమని వచ్చిందో కూడా అదే ఉత్తరంలో రాయి.